వేపాకుకు రాసుకున్న ఒప్పందం



ఒప్పందం అన్న మాట మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పదకొండు నెలల కాగితం రాయించుకుంటాం. చీటీ వేసేటప్పుడు ఎవరు పూచీ వుంటారో ముందే తేల్చుకుంటాం. పాలవాడితో కూడా లీటరు ఇంత, లెక్క ఫలానా తారీఖున అని మాట అనుకుంటాం. కాగితం మీద వున్నా నోటిమాటగా వున్నా, మనం చూసేది ఒకటే. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, మాట తప్పితే అడిగేదెవరు?

ఇదే ప్రశ్న ఒక చెట్టు విషయంలో వేసి చూద్దాం. వాకిట్లో వేపచెట్టే అనుకోండి. ఉగాదికి పువ్వు, పిల్లలకు అమ్మవారు పోస్తే మండలు, బియ్యం డబ్బాలో నాలుగు ఎండు రెబ్బలు. వీటికి మనం ఎవరికీ పైసా కట్టి ఎరుగం. అలాంటి ఆకును ఒక కంపెనీ బస్తాలకెత్తి జపానుకు పంపిందనీ, అందుకు ప్రభుత్వ సంస్థతో ఒప్పందం రాసుకుని రాయల్టీ కట్టిందనీ, అందులో కొంత సొమ్ము ఆకు కోసిన వూరికే తిరిగి వచ్చిందనీ చెబితే కథలాగా వుంటుంది. కథ కాదండీ. మన తెలంగాణ గడ్డ మీదే జరిగింది. దశాబ్దం దాటిన మాట.

అసలు ఆకుకు ఒప్పందం ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు రెండు ముక్కల్లో చెబుతాను. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లకు, పసుపు గాయాన్ని మాన్పుతుందన్న సంగతి మీద పేటెంటు ఇచ్చారు. పేటెంటు అంటే, ఇది మేమే కనిపెట్టాం, మా అనుమతి లేకుండా ఇంకొకరు దీనితో వ్యాపారం చెయ్యకూడదు అని చెప్పుకునేందుకు సర్కారు రాసిచ్చే హక్కు. కూర తరుగుతూ వేలు తెగితే డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి అద్దుకునే మనకు ఇది నవ్వులాట. కాని పేటెంటు ఆఫీసుకు మన నవ్వు చాలదు గదా, సాక్ష్యం కావాలి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి వారు పాత గ్రంథాలు, పత్రికలు వెతికి చూపించిన మీదట 1997లో అది రద్దయింది. వేపది ఇంకా పెద్ద తగవు. వేప నూనెతో మొక్కల బూజు తెగుళ్లను ఆపే పద్ధతికి యూరపులో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయినా, అప్పీలు కూడా తేలి పూర్తిగా పోయేసరికి 2005 వచ్చింది.

ఇలాంటి తగవులూ, 1992లో రియో నగరంలో దేశాలన్నీ చేసుకున్న ఒడంబడికా వెనక వుండగా వచ్చింది మన జీవవైవిధ్య చట్టం, 2002లో. పేరు కాస్త బరువైనదే. చెలకలో విత్తనం, చెరువులో చేప, గుట్ట మీద మందు చెట్టు, పెరట్లో కోడి, ఇన్ని రకాలుగా వున్న ప్రాణికోటినంతా కలిపి అలా అన్నారు. ఈ చట్టం కింద చెన్నైలో జాతీయ సంస్థ ఒకటి, రాష్ట్రానికి ఒక మండలి, పంచాయతీకీ మునిసిపాలిటీకీ కూడా ఒక్కో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పాటయ్యాయి. పరాయి దేశం వాళ్లు మన మొక్కను పరిశోధనకో వ్యాపారానికో తీసుకోవాలంటే చెన్నై సంస్థను అడగాలి, షరతులు రాసుకోవాలి, లాభంలో వాటా ఇవ్వాలి. మన దేశపు కంపెనీలకూ వాటా తప్పదని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఒక మందుల కంపెనీ కేసులో చెప్పింది.

ఇక మన వేపాకు దగ్గరికి వద్దాం. అమరచింత అని వూరు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా. జూరాల ప్రాజెక్టుకు దగ్గర. చేనేతకు పేరు పడ్డ వూరు, ఆ వైపు సంబంధాలున్న వాళ్లకు తెలిసే వుంటుంది. హైదరాబాదులోని బయో ఇండియా బయలాజికల్స్ అనే కంపెనీ ఆ వూరి నుంచి ఎండబెట్టిన వేపాకు 2,000 కిలోలు జపానుకు పంపింది. చెన్నై సంస్థతో రాసుకున్న ఒప్పందం ప్రకారం 55,035 రూపాయల రాయల్టీ కట్టింది. అందులోంచి 17,500 రూపాయలు అమరచింత కమిటీకి ఇచ్చారు. ఆ డబ్బు వేప మొక్కలు నాటడానికీ, ఇలాంటి సంగతులు వూళ్లో నలుగురికీ తెలియజెప్పడానికీ అని.

మనం ఇంటి పద్దులు రాసుకునే వాళ్లం కనుక ఆ లెక్క కాస్త చూద్దాం. 2,000 కిలోలకు 55,035 రూపాయలంటే కిలోకు ఇరవై ఏడున్నర చొప్పున పడింది. వూరికి చేరినది కిలోకు ఎనిమిది రూపాయల ముప్పావలా. మూడో వంతు కూడా కాలేదన్న మాట. అదీ ఎండాకు లెక్క. గంపెడు కరివేపాకు ఎండబెడితే డబ్బా నిండదని మనకు తెలుసు, వేపాకూ అంతే. ఆ రెండు టన్నుల కోసం ఎన్ని కొమ్మలు ఖాళీ అయి వుంటాయో మీరే వూహించండి.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. సొమ్ము చిన్నదే అయినా ఆ కాగితంలో ఒక పెద్ద సంగతి వుంది. కోసినందుకు ఇచ్చే కూలి వేరు, ఈ వాటా వేరు. కూలి ఆనాటికానాడు మనిషి చేతిలో పడుతుంది. వాటా చెట్టుది. ఇన్నాళ్లు ఆ వూరి చెట్టును ఎవరో ఒకరు నరక్కుండా వుంచారు గనుక, ఇక ముందు కూడా వుంచాలి గనుక ఇచ్చేది. చెట్టుకు వాటా అన్న మాట కాగితం మీదికి రావడమే అప్పటికి కొత్త. తరువాత 2014లో వచ్చిన నిబంధనల్లో, వాటా సొమ్ములో నూటికి 95 వంతులు వూరి కమిటీకో, హక్కుదారులకో పోవాలని రాశారు. 2025లో ఆ నిబంధనలను తిరగరాసినా, ఎక్కువ భాగం కిందికే చేరాలన్న మాట పోలేదు. అమరచింతలో మూడో వంతు కన్నా తక్కువ, తరువాత నూటికి 95. మొదటి ఒప్పందాలు చేసి చూడకపోతే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదేమో.

ఇక్కడ నాకు తోచే లోటు ఇంకొకటి వుంది. మొక్క నాటడం ఒక పూట పని. ఫోటో కూడా ఆ పూటే తీస్తారు. ఆ మొక్కను మూడు ఎండాకాలాలు దాటించడమే అసలు పని. బిందె మోసేది ఎవరు, మేక నోట పడకుండా చూసేది ఎవరు, చస్తే మళ్లీ నాటేది ఎవరు? పదిహేడున్నర వేలలో ఆ ఖర్చుకు ఎన్నాళ్లకు సరిపోతుంది? బస్తాలు ఓడ ఎక్కడంతో కంపెనీ పని అయిపోతుంది. చెట్టు పని అప్పుడే మొదలవుతుంది.

దీనికి కేరళలో ఒక పాత ఉదాహరణ వుంది. అక్కడి అగస్త్య కొండల్లో కాణి అనే గిరిజనులున్నారు. 1987లో వాళ్లతో అడవిలో తిరుగుతున్న శాస్త్రజ్ఞులు, వాళ్లు అలసట లేకుండా నడవడానికి ఏవో కాయలు నములుతుండటం గమనించారు. అది ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయ. తిరువనంతపురం దగ్గర పాలోడులోని వృక్ష పరిశోధన సంస్థ దానితో 'జీవని' అని మందు తయారుచేసింది. దాన్ని తయారుచేసి అమ్ముకునే హక్కును కోయంబత్తూరులోని ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకు ఏడేళ్లపాటు ఇచ్చారు. ఆ సొమ్ములో సగం, అమ్మకాల మీద వచ్చే రాయల్టీలో సగం కాణీలకు. వాళ్ల పేర 1997లో ట్రస్టు కూడా పెట్టారు. చట్టం రాకముందే ఇంత న్యాయంగా పంచుకున్నందుకు ప్రపంచమంతా మెచ్చుకుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మొక్క పెరిగేది అటవీశాఖ వారి అడవిలో. ఒప్పందంలో వాళ్లు లేరు. అడవిలోంచి ఆకు తీసుకుపోవడానికి వాళ్లు అభ్యంతరం చెప్పారు. మందుకు గిరాకీ వున్నా ఆకు సరఫరా సరిగా సాగలేదు. పెళ్లిమాటలకు అందరినీ పిలిచి మేనమామను మరిచిపోతే ఏమవుతుందో మనకు తెలియనిదా!

దీనికి భిన్నంగా, మన పక్క రాష్ట్రంలో ఎర్రచందనం సంగతి చూడండి. సొంత పొలంలో ఎర్రచందనం పెంచిన రైతులకు 2025లో చెన్నై సంస్థ సుమారు 3 కోట్ల రూపాయలు వాటాగా విడుదల చేసింది. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లోని 198 మంది రైతులకు. అక్కడ చెట్టు ఎవరిదో తెలుసు, ఏ పొలంలోదో తెలుసు, ఎంత దుంగ పోయిందో లెక్క వుంది. అంచేత సొమ్ము మనిషిని వెతుక్కుంటూ పోగలిగింది. వేపాకుకు ఆ వీలు లేదు. అది అందరిదీ, ఎవరిదీ కాదు.

ఇంతవరకు కోసుకుపోయిన ఆకు సంగతి. పూర్తిగా నరికేసిన అడవి మాటేమిటి? అది తెలుసుకోవడానికి కేరళ దాకా పోనక్కర్లేదు, మన మిర్యాలగూడ పక్కనే వుంది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 2015లో శంకుస్థాపన చేసిన 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి ఇచ్చిన నేలలో ఎక్కువ భాగం అటవీ భూమే. కరెంటు వద్దని నేననడం లేదు, మిక్సీ తిరగనిదే మనకు పొద్దు గడవదు. కాని చట్టం ఒక షరతు పెట్టింది. అడవి భూమి తీసుకుంటే దానికి బదులు మరోచోట నేల చూపించి అడవి పెంచాలి. ఆ పెంచడానికయ్యే ఖర్చూ, పోయిన అడవికి కట్టిన విలువా జమ చెయ్యాలి. ఆ నిధిని ఎలా వాడాలో చెప్పే చట్టం 2016లో వేరేగా వచ్చింది. కృష్ణ ఒడ్డున పరికి, బలుసు, తుమ్మ తమంతట తాము పెరిగిన చోటికి, వేరేచోట వరసలు తీసి నాటిన మొక్కలకు తేడా వుంటుందని పొలాలు చూసిన వాళ్లెవరైనా చెబుతారు. సరే, ఆ తేడా మాట అలా వుంచినా, నాటినవి పదేళ్లకు ఎన్ని నిలిచాయి, ఎవరు లెక్కపెట్టారు అన్నది సామాన్యులమైన మనం అడగవలసిన ప్రశ్నే గదా.

ఇంగ్లండులో ఇదే సంగతికి ఈ మధ్య గట్టి ముడి వేశారు. 2021లో చట్టం చేసి 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టారు. ఎవరైనా ఇళ్లో దుకాణాలో కట్టాలంటే, ఆ నేల మీద మునుపున్న పచ్చదనం, పురుగు పుట్ర, పక్షుల నెలవు, వీటికి లెక్కగట్టి, కట్టడం అయ్యాక దానికన్నా నూటికి పది వంతులు ఎక్కువ చూపించాలి. అక్కడే కుదరకపోతే వేరేచోట. దాన్ని కనీసం 30 ఏళ్లు కాపాడతామని చట్టబద్ధంగా రాసివ్వాలి. అందుకు వాడే ఒక రకం పత్రమైతే నేలకే అంటిపెట్టుకుని వుంటుంది. నేల అమ్మేస్తే కొన్నవాడి నెత్తిన పడుతుంది. చూశారా, మన పదకొండు నెలల అద్దె కాగితానికీ దానికీ ఎంత తేడానో! అయితే అక్కడా అంతా సాఫీగా లేదు. ముప్పై ఏళ్లపాటు పోయి చూసి, తప్పితే నిలదీయడానికి స్థానిక సంస్థల దగ్గర మనుషులూ డబ్బూ చాలినంత వుంటాయా అని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2024లో సందేహం తెలిపింది. కాగితం ఎక్కడైనా కాగితమే. పోయి చూసే మనిషి కావాలి.

ఆ చూసే మనిషి మన దగ్గర ఎవరు? చట్టం చెప్పిన జవాబు, వూరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 2023లో చట్టాన్ని సవరించాక కమిటీలో ఏడుగురి నుంచి పదకొండు మంది దాకా సభ్యులుండాలి. వాళ్లలో మూడో వంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్లే వుండాలి. ఈ మాట మరోసారి చెబుతాను, మూడో వంతు మనవాళ్లే. తమ పరిధిలోంచి వ్యాపారానికి ఆకూ కాయా తీసుకుపోయే వాళ్ల మీద రుసుము వేసే అధికారం ఆ కమిటీకి వుంది. చెన్నై సంస్థా, రాష్ట్ర మండలీ వాళ్ల పరిధిలోని దాని గురించి నిర్ణయించేటప్పుడు ఆ కమిటీని సంప్రదించాలి. సంప్రదించడం అంటే ఒప్పుకోవాలని కాదనుకోండి. అయినా అడగడమంటూ జరగాలి.

కమిటీ చెయ్యవలసిన మొదటి పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం. వూళ్లో ఏ చెట్టు, ఏ విత్తనం, ఏ చేప, ఏ మందాకు వున్నాయో, వాటిని ఎవరు ఎందుకు వాడతారో రాసిన పుస్తకం. దేశమంతటా ఈ పని నత్తనడక నడుస్తుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరు దాకా గడువు పెట్టి, దాటితే నెలకు రాష్ట్రానికి 10 లక్షల రూపాయలు కట్టమన్నది. దాంతో కమిటీలూ పుస్తకాలూ లెక్కల్లోకి గబగబా వచ్చేశాయి. గడువు భయంతో రాసిన పుస్తకం ఎలా వుంటుంది? పరీక్ష ముందు రాత్రి పిల్లలు పూర్తిచేసిన హోంవర్కులా వుంటుంది. వేప, తుమ్మ, మర్రి అని నాలుగు పేర్లుంటే సరిపోయిందనుకునే చోట, వూరి ఒప్పందానికి ఆధారం ఏముంటుంది? పేరు లేని చెట్టుకు ఎవరు వాటా కడతారు?

2021 సంగతి మీకందరికీ గుర్తుండే వుంటుంది. వానాకాలం ఆఖరుకు తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ వచ్చాయి. కొమ్మ ఎండు తెగులు అన్నారు, ఒక రకం బూజు వల్ల వస్తుందట. సూర్యాపేట దాటి కోదాడ దాకా బస్సులో పోతుంటే రోడ్డుకు రెండువైపులా ఎర్రగా కాలినట్టు కనబడేవి. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. కాని మన వూళ్లో అంతకు ముందు ఎన్ని వేపలున్నాయి, ఎన్ని చిగిర్చాయి, ఎన్ని పోయాయి అని అడిగితే చెప్పగల పుస్తకం ఏ వూళ్లో వుంది? రేపు ఏ కంపెనీ అయినా వేపాకుకో, గింజకో మన వైపు వస్తే, ఎంత కోసుకోవచ్చు, ఎన్నాళ్లు ఆగాలి అన్న షరతు రాయడానికి ఆ అంకె కావాలి. అది లేకుండా రాసే ఒప్పందం, తూకం లేకుండా బంగారం అప్పిచ్చినట్టు.

పుస్తకంలో రాయడానికి మాకేం తెలుసు, అని మాత్రం అనకండి. బతుకమ్మ పేర్చే చేతులు మనవి. గునుగు ఏ చెలకల్లో ఎక్కువ, తంగేడు ఏ గుట్ట వాలులో ముందు పూస్తుంది, తామర ఏ చెరువులో వుండేది, ఎప్పటి నుంచి లేదు, ఇవి మగవాళ్లను అడిగితే తెలియవు. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి చెలకలు వరిమళ్లయ్యాక, గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక, గునుగు పొలంగట్టు నుంచి బజారుకు ఎలా వచ్చిందో చెప్పగలిగింది మన అత్తలు, అమ్మమ్మలే. ఇప్పుడు పండగ నాడు కట్టకింత అని బేరమాడి కొంటున్నాం. ఉండ్రుగొండ గుట్టల్లో పసరు మందులు తెలిసిన ముసలమ్మలు ఇంకా వున్నారు. అయితే ఒకటి. మందు పేరు బయటికి చెబితే గుణం పోతుందని వాళ్ల నమ్మకం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యకండి. పసుపుకు, వేపకు జరిగింది చూశాక ఆ భయంలో అర్థం లేకపోలేదు. చెప్పిన మనిషి వద్దంటే ఆ వివరం రహస్యంగా వుంచే పద్ధతి ఈ రిజిస్టర్లకు వుంది. ఆ సంగతి ఆవిడకు ముందు చెప్పి, ఆ తరువాతే అడగాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వుండే మనకు ఇదంతా పల్లెటూరి వ్యవహారం అనిపించవచ్చు. మునిసిపాలిటీకి కూడా కమిటీ వుండాలని చట్టం. మన వార్డులో ఎవరైనా ఆ కమిటీలో వున్నారా అని కౌన్సిలరును అడగవచ్చు, తప్పు లేదు. ఇక పండక్కి పుట్టింటికి పోయినప్పుడు, నాలుగు రోజులుంటారు గనుక ఒక పూట పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వదినగారినో తోడికోడలినో తీసుకుని వెళ్లండి. జీవవైవిధ్య రిజిస్టరు చూపించండి బాబూ అని అడగండి. బీరువా తాళం దొరకలేదంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. పుస్తకం తీశాక ముందు గునుగు పేజీ వుందో లేదో చూడండి. లేకపోతే అక్కడే కూర్చుని రాయించండి. ఏ చెలకలో, ఏ నెలలో, మునుపు ఎంత వుండేది, ఇప్పుడు ఎంత, చెప్పినావిడ పేరు ఏమిటి, ఆవిడ ఒప్పుకుంటేనే సుమండీ. తరువాత వేప పేజీ తియ్యండి. అక్కడ అంకె వుందేమో చూడండి.

ఇక సెలవు.